కొత్త డిజైన్‌లో మీ మాట ఎంత, మా మాట ఎంత

వచ్చే నెల నుంచి మన సంగీత పత్రిక కొత్త రూపంలో వస్తోంది. పోయిన సంచికతో పాటు పంపిన సర్వే ఫారం ఓపిగ్గా నింపి ఇచ్చిన వాళ్లందరికీ థాంక్స్. అందులో మీరు అడిగినవి కొన్ని చేశాం, కొన్ని చేయలేదు. చేయనివాటి సంగతే ముందు చెప్తాను. పత్రిక చేతికి రాగానే ఫోన్లు వచ్చేది వాటి గురించే కదా.

మొదటిది నల్ల పేజీలు. రంగుల ప్రశ్నకు మీలో ఎక్కువమంది టిక్కు పెట్టింది నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద మెరిసే ఆకుపచ్చ, నీలం అక్షరాలకు. ఫోన్ తెర మీద అది అదిరిపోయిన మాట నిజమే. కానీ తెర రంగును వెలుగుతో చూపిస్తుంది, ప్రెస్సు ఇంకుతో చూపిస్తుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకుల్ని ఏ పాళ్లలో కలిపినా ఆ నియాన్ మెరుపు రాదు. అయినా అడిగారు కదా అని ఒక పేజీ శాంపిల్ వేయించాం. చిక్కటి నలుపు రావాలంటే ఇంకులు ఒకదాని మీద ఒకటి పడాలి. వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా, మధ్యలో తెల్లగా వదిలిన అక్షరం పూడుకుపోతుంది. పెద్ద హెడ్డింగ్ అయితే ఎలాగో తట్టుకుంటుంది, మన ఒత్తులు తట్టుకోలేవు. శాంపిల్‌లో 'ధ' కింది చిన్న గీత మాయమై ధైవతం (సరిగమల్లో 'ధ' స్వరం) కాస్తా 'దైవతం' అయింది. 'స్థాయి'లో ఒత్తు చుక్కలా మిగిలింది. స్వరాలు అచ్చువేసే పత్రికకు ఇది కుదిరే పని కాదు. అందుకే నల్ల పేజీ ఒక్కటే ఉంటుంది, కవర్ కథ మొదట్లో. దాని మీద హెడ్డింగ్ తప్ప ఇంకేమీ ఉండదు.

తర్వాత ఇంటర్వ్యూలు. మీకు బాగా నచ్చే శీర్షిక ఏదని అడిగితే దాదాపు అందరూ పెద్ద ఇంటర్వ్యూ అన్నారు. అదే ఫారంలో ఇంకాస్త కింద, పోయిన సంచిక చదవడం ఏ పేజీ దగ్గర ఆపారని కూడా అడిగాం. చాలామంది వేసిన పేజీ నంబరు ఆ ఇంటర్వ్యూ మధ్యలోదే! మీరు అబద్ధం చెప్పారని కాదు. ఇష్టపడేది వేరు, పని అంతా అయ్యాక కూర్చుని చదవగలిగేది వేరు. రెండు జవాబులూ పొసగని చోటల్లా మేం రెండోదాన్నే నమ్మాం. ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 1952 నవంబరులో ఎన్‌ఎంఈ అనే సంగీత పత్రిక బ్రిటన్‌లో మొట్టమొదటి సింగిల్స్ చార్టు (విడి పాటల రికార్డుల్లో ఏవి ఎక్కువ అమ్ముడవుతున్నాయో చెప్పే పట్టిక) వేసినప్పుడు, దాన్ని తయారు చేసిన పెర్సీ డికిన్స్ మీకు ఏ పాట ఇష్టమని శ్రోతల్ని అడగలేదు. సుమారు 20 రికార్డు షాపులకు ఫోన్ చేసి ఏవి ఎక్కువ అమ్ముడయ్యాయో కనుక్కున్నాడు.

కాబట్టి ఇంటర్వ్యూ నిడివి తగ్గలేదు గానీ దాని నడక మారింది. పాట ఎలా కట్టారు, ఏ వాయిద్యం ఎందుకు వాడారు లాంటి భాగాలు విడి పెట్టెల్లోకి వెళ్లాయి. మధ్యలో ఏ పేజీ తెరిచినా అక్కడి నుంచే చదువుకోవచ్చు. ఆల్బమ్ సమీక్షలు వెనక పేజీల నుంచి ముందుకు వచ్చాయి, ఎందుకంటే మీలో చాలామంది వాటి కోసమే పత్రికను వెనక నుంచి తిప్పడం మొదలుపెడతారని మీ జవాబులే చెప్పాయి.

సర్వేలతో ఒక చిక్కుంది. ఫారం నింపేది ఎలాగూ మనల్ని ఇష్టపడేవాళ్లే. చందా ఆపేసిన వాళ్లు ఎందుకు నింపుతారు? వాళ్లలో కొందరికి నేనే ఫోన్ చేశాను. మొదట అందరూ మొహమాటానికి 'టైమ్ ఉండట్లేదండీ' అన్నారు. కాస్త మాట కలిపితే అసలు సంగతి బయటపడింది: అక్షరాలు చిన్నవి, లైట్ కింద పెట్టుకుని చూడాల్సి వస్తోంది. ఫారంలో ఈ మాట రాసినవాళ్లు తక్కువ. ఈసారి డిజైన్‌లో అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం దీనివల్లే వచ్చింది. అక్షరం సైజు 9 పాయింట్ల నుంచి 10.5కి పెంచాం, వరుసల మధ్య ఖాళీ కూడా పెంచాం.

అక్షరం పెరిగితే చోటు తగ్గుతుంది. మధ్యలో పిన్ను కొట్టే పత్రికలో ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలు, కాబట్టి ఒకటో రెండో పేజీలు కలపడం కుదరదు, పెంచితే నాలుగు చొప్పున పెంచాలి. కాగితం ఖర్చు, పోస్టు బరువు చూసుకుని పెంచకూడదనుకున్నాం. ఏదో ఒకటి పోవాలి. కచేరీల పట్టిక తీసేశాం. కొందరికి కోపం వస్తుందని తెలుసు. కానీ అచ్చయి మీ చేతికి వచ్చేలోపు అందులో సగం తేదీలు మారిపోతున్నాయి, దాన్ని నమ్ముకుని వెళ్లినవాళ్ల తిట్లు మాకు మిగులుతున్నాయి.

ఫొటోలు పెంచమన్నవాళ్లు, వ్యాసాలు పెంచమన్నవాళ్లు ఇంచుమించు సమానం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆఖరికి సరిగ్గా నడిమి రెండు పేజీలు పోస్టర్‌కి ఇచ్చాం. ఒకే కాగితంగా అచ్చయ్యేది ఆ జంట పేజీ ఒక్కటే. పిన్నులు మెల్లగా పైకి లేపితే చిరగకుండా వచ్చేస్తుంది, మిగతా పత్రికకు ఏమీ కాదు (పిన్నులు మళ్లీ నొక్కెయ్యడం మర్చిపోకండి).

చదువుతూ పాట వినాలని అడిగినవాళ్ల కోసం సమీక్షల పక్కన క్యూఆర్ కోడ్ ఉంటుంది. మడత దగ్గర కాగితం వంగి స్కాన్ కాదు, అందుకని బయటి అంచు వైపే, చుట్టూ తెల్లటి ఖాళీ వదిలి పెట్టాం. అది నేరుగా పాటకు కాకుండా మా వెబ్ పేజీకి వెళ్తుంది. రేపు పాట లింకు మారినా మీ దగ్గరున్న పాత సంచిక పనిచేస్తుంది.

ప్రకటనలు తగ్గించమన్నారు. తగ్గించలేం, మీ చందా ఒక్కదానితో పత్రిక నడవదు. కానీ ఒక ఆల్బమ్ సమీక్ష ఉన్న పేజీకి ఎదురుగా ఆ ఆల్బమ్ తెచ్చిన కంపెనీ ప్రకటన ఇకపై వేయం. ఈ మాట ప్రకటనలు ఇచ్చేవాళ్లకు ముందే చెప్పేశాం. ఒకరు అలిగారు.

లోపలి కాగితం ఇంకా తేలలేదు. నిగనిగలాడే కాగితం మీద ఫొటోలు బాగా వస్తాయి గానీ క్విజ్ పేజీలో పెన్నుతో రాస్తే ఇంకు ఆరక చేతికి అంటుతుంది. మీరు క్విజ్ పత్రికలోనే నింపుతారా, వేరే కాగితం మీద రాసుకుంటారా? ప్రెస్సుకు వెళ్లేలోపు ఒక్క ముక్క చెప్పండి.