సింగరాయకొండ స్టేషన్‌లో కలిసిన తల్లికి

శనివారం సాయంత్రం సింగరాయకొండ స్టేషన్‌లో మా అమ్మ పక్కన కూర్చున్న తల్లీ, మీ పేరైనా అడగలేదట, క్షమించండి. మా పాప రెండో తరగతి. వారంలో నేర్పిన పాఠాలు, ఇంట్లో చేయించాల్సినవి టీచరు ఓపికగా రాసి పంపుతారు. అమ్మకు చదువు రాదు. నేను నెల్లూరులో పని ముగించుకుని వచ్చేసరికి పాప నిద్రపోతుంది. ఆ కాగితం సంచిలోనే నలిగిపోయేది.

మీరు దాన్ని అమ్మకు నిదానంగా చదివి వినిపించారు. వేరుశనగ కాయలు పదేసి మూడు కుప్పలు, పక్కన రెండు విడిగా పెట్టి, 32లోంచి 17 తీయాలంటే ఒక కుప్పను విడగొట్టాలని పాపకు చూపించారు. మిగిలిన 15 కాయలు గౌను జేబులో భద్రంగా ఇంటికి వచ్చాయి. ఆదివారం ఆ లెక్క అమ్మే నాకు చేసి చూపించింది. మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.