‘లేరు’ అని రాసినంత మాత్రాన వెట్టి పోదు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో బానిసత్వం మీద వ్యాసం వచ్చి రెండు వారాలు దాటింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 2020 జూన్ 7న బానిసల వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం లాగిపడేసి రేవులోకి తోయడం, దాన్ని తర్వాత మ్యూజియంలో పెట్టడం, అమెరికాలో బానిసల వారసులకు నష్టపరిహారం మీద నడుస్తున్న చర్చ... అన్నీ వివరంగా రాశారు. బాగుంది. కానీ చివరి పేరాలో, మనకు అలాంటి వారసత్వం లేదనీ, ఉన్న వెట్టి కాస్తా నిజాంతోనే పోయిందనీ తేల్చేశారు. దీన్ని మాత్రం ఒప్పుకోలేను. కలెక్టరేట్లలో ఫైళ్లు మూసేసేది సరిగ్గా ఈ నమ్మకంతోనే.

బ్రిటన్ 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. అందుకోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. విడుదలైనవాళ్లకు చిల్లిగవ్వ దక్కలేదు. ఖాళీ అయిన చెరకు తోటలకు 1834 నుంచి మన దేశపు కూలీలను అయిదేళ్ల ఒప్పందాల మీద ఓడలెక్కించారు. మారిషస్‌లో, దక్షిణాఫ్రికాలో ఇప్పుడున్న తెలుగువాళ్ల పూర్వీకుల్లో చాలామంది అలా వెళ్లినవారే. మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమైనా కేటాయించాల్సింది.

దానితో పోలిస్తే 1976 నాటి మన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఎంతో మెరుగు. యజమానికి పైసా పరిహారం లేదు. 6వ సెక్షన్ ప్రకారం వెట్టి అప్పు మొత్తం రద్దు. రద్దయిన బాకీ కింద డబ్బు తీసుకుంటే 9వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం 15వ సెక్షన్ యజమాని మీదే పెట్టింది. ఇంత గట్టి చట్టం చేతిలో పెట్టుకుని యాభై ఏళ్లు ఏం చేశామన్నది అసలు ప్రశ్న.

పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల సంగతే చూడండి. నువాఖాయ్ అనే కొత్తపంట పండుగ అవగానే సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారీ, అడ్వాన్సు పంచుతాడు. మొగుడు, పెళ్లాం, ఒక పిల్లవాడు కలిపి ఒక జట్టు. ఆ జట్టుకు 60 వేలు ముట్టాయనుకుందాం. వెయ్యి ఇటుకలకు 400 కూలి అనుకుంటే, బాకీ తీరడానికే లక్షన్నర ఇటుకలు కొయ్యాలి. వారం వారం తిండి ఖర్చుకని 600 ఇస్తారు, అదీ బాకీలోనే కలుస్తుంది. 26 వారాలకు 15,600 రూపాయలు, అంటే మరో 39 వేల ఇటుకలు. రోజుకు వెయ్యి చొప్పున ఒక్కరోజు మానకుండా కోసినా 189 రోజులు పడుతుంది. సీజన్ ఉండేదే ఆరు నెలలు. మధ్యలో అకాల వర్షం పడితే పచ్చి ఇటుక కరిగిపోతుంది, ఆ నష్టం కూలీ ఖాతాలోకే పోతుంది. విరిగినవి లెక్కలోకి రావు. రాత్రి తొక్కి నానబెట్టిన మట్టికి కూలి లేదు. ఇంటిదగ్గర చావు కబురు వచ్చినా జట్టంతా కదలడానికి వీల్లేదు, ఒకరు వెళ్తే ఇద్దరు ఉండాలి. ఆ ఉన్న ఇద్దరే అప్పుకు పూచీ.

వాళ్ల ఇష్టంతోనే అడ్వాన్సు తీసుకున్నారు కదా అంటారు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఆకలి, పేదరికం తోసే బలవంతమూ బలవంతమేననీ, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరే అవుతుందనీ తేల్చింది. 1983 డిసెంబరులో ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. నిర్బంధంగా పని చేయిస్తున్నట్టు తేలితే, అది అడ్వాన్సు కోసమేనని కోర్టు భావించాలనీ, కాదంటే యజమానే చూపించుకోవాలనీ చెప్పింది. ఈ రెండు తీర్పులూ తనిఖీకి వెళ్లే ప్రతి తహసీల్దారుకూ తెలిసి ఉండాలి.

కానీ తనిఖీ ఎలా సాగుతుందో చూడండి. ఫిర్యాదు అందాక ఆర్డీవో, పోలీసు, కార్మిక శాఖ కలిసి వెళ్తారు. వెళ్లే సంగతి ముందే బట్టీకి తెలుస్తుంది. కూలీలను యజమాని ఎదుటే నిలబెట్టి అడుగుతారు. వాళ్లు మాట్లాడేది సంబల్‌పురి, అడిగేవారిది తెలుగు. మధ్యలో తర్జుమా చేసేది ఎవరయ్యా అంటే, అడ్వాన్సు ఇచ్చిన ఆ సర్దారే! అడిగేదీ రెండే ప్రశ్నలు. కట్టేశారా? కొట్టారా? లేదంటారు. అక్కడితో విచారణ ముగుస్తుంది. చట్టంలో గొలుసుల ప్రస్తావన ఎక్కడా లేదు. అడ్వాన్సు ఎంత, ఎవరి చేతికిచ్చారు, వారం ఖర్చు ఎంత, ఇంకో బట్టీకి పోతే ఏమవుతుంది, సంతకు మొత్తం కుటుంబం కలిసి వెళ్లొచ్చా? అడగాల్సినవి ఇవి. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, వాళ్ల భాష వచ్చిన మనిషిని తీసుకెళ్లి అడగాలి. సర్దార్ జేబులో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. పేరు, ముట్టిన అడ్వాన్సు, వారం ఖర్చులు, కోసిన ఇటుకలు అన్నీ అందులోనే. దాన్ని స్వాధీనం చేసుకుంటే సగం కేసు చేతిలో ఉన్నట్టే. ఆ పుస్తకం తీసుకోకుండానే జీపులు వెనక్కి తిరుగుతాయి.

గొడవ మరీ పెద్దదైతే దానికి వేతన వివాదమని పేరు పెట్టి, యజమాని చేత కొంత ఇప్పించి, బలంగీర్ జిల్లాలోని కాంటాబంజి వెళ్లే రైలెక్కిస్తారు. మర్నాడు పత్రికల్లో ‘కూలీలకు విముక్తి’ అని ఫొటో. మీ పత్రికలోనూ వస్తుంది. చేతికి విడుదల పత్రం ఇచ్చారా అని మాత్రం ఏ విలేకరీ అడగడు.

అసలు కీలకం ఆ ఒక్క కాగితమే. అది లేకపోతే అప్పు రద్దయినట్టు రుజువు లేదు, తిరిగొచ్చిన ఊళ్లో అదే సర్దార్ మళ్లీ గుమ్మం ముందు నిలబడతాడు. సొంత జిల్లా కలెక్టరుకు పునరావాసం ప్రతిపాదన పంపే ఆధారమూ ఉండదు. కేంద్ర పథకం కింద మగవారికి లక్ష, ఆడవారికి, పిల్లలకు 2 లక్షలు, లైంగిక దోపిడీ వంటి దారుణాలకు గురైనవారికి 3 లక్షలు రావాలి. తక్షణ సాయం 2016లో 20 వేలుండేది, ఇప్పుడు 30 వేల దాకా ఇవ్వొచ్చు. ఆ సాయానికి కేసు తేలడంతో సంబంధం లేదు. ప్రతి జిల్లాలో కనీసం 10 లక్షల నిధి ఇందుకోసమే ఉండాలి. మిగతా మొత్తాన్ని శిక్షతో ముడిపెట్టారు. అయితే విచారణ ముగియకపోయినా, వెట్టి ఉన్నట్టు ప్రాథమికంగా తేలితే శిక్ష వివరాలు లేవని ప్రతిపాదన ఆపకూడదనీ అదే పథకం చెబుతోంది. ఈ రెండో ముక్క చదివే ఓపిక మన ఆఫీసుల్లో లేదు.

2030 నాటికి 1.84 కోట్ల మందిని గుర్తించి విడిపిస్తామని కేంద్ర కార్మిక శాఖే 2016లో ప్రకటించింది. 1978 నుంచి ఇప్పటిదాకా గుర్తించింది మూడు లక్షల పైచిలుకు. అయినా జిల్లాల నివేదికల్లో ‘వెట్టి కార్మికులు: లేరు’ అనే మాట ఏటా తప్పదు. ఉన్నారని రాస్తే పై నుంచి సంజాయిషీ అడుగుతారన్న భయం. లేరని రాసినవాళ్లను అడిగేవారే లేరు.

జరిమానాల సంగతి ఇంకా ఘోరం. చట్టం ప్రకారం గరిష్ఠ జరిమానా 2,000 రూపాయలు. అందులోంచి కార్మికుడికి దక్కేది, వెట్టి చేసిన ప్రతి రోజుకూ 5 రూపాయలు. 180 రోజులు ఒళ్లు హూనం చేసుకుంటే 900. ఇది 1976 నాటి రేటు. ఎమ్మెల్యేల జీతాలు ఈ యాభై ఏళ్లలో ఎన్నిసార్లు సవరించారో లెక్కలేదు, దీన్ని ముట్టుకున్నవారు లేరు. కేసులను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లే (ఆర్డీవో, తహసీల్దారు వంటి అధికారులే) త్వరగా విచారించేలా 21వ సెక్షన్ అధికారమిచ్చింది. ఆ అధికారం వాడిన దాఖలాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇది ఒడిశా వాళ్ల గోడు మాత్రమే అనుకోవద్దు. గుంపు మేస్త్రీల చేతిలో ముందస్తు తీసుకుని దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టింది పాలమూరు లేబరే. నెల్లూరు, తిరుపతి వైపు బాతులు మేపడానికి పిల్లలతో సహా వెళ్లేది యానాది కుటుంబాలు. దళితులు, ఆదివాసీలు కాని వెట్టి కార్మికులు బహు తక్కువ. అమెరికాలో చర్మం రంగు చేసిన పని ఇక్కడ కులం చేస్తోంది. అక్కడ పోలీసుల చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు మనవాళ్లు చాలామంది బాధపడ్డారు, మంచిదే. 1964 పౌరహక్కుల చట్టం, ఆ వెంటనే 1965 వలస చట్టం లేకపోతే అమెరికాలో ఇన్ని లక్షల తెలుగు కుటుంబాలు ఉండేవే కావు. ఆ నల్లజాతివారి పోరాటం ఫలం అనుభవిస్తూ, ఇక్కడ ఇల్లు కట్టుకునేటప్పుడు ఇటుక ఎక్కడ చౌక అని తప్ప ఎవరు కోశారని అడగని తీరు నన్ను నిజంగా కలచివేస్తుంది.

ప్రతి జిల్లాలో విజిలెన్స్ కమిటీ ఉండాలి. కలెక్టర్ అధ్యక్షుడు, ముగ్గురు ఎస్సీ, ఎస్టీలు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, గ్రామీణాభివృద్ధి వైపు నుంచి ముగ్గురికి మించకుండా, బ్యాంకుల తరఫున ఒకరు. సభ్యుల గడువు రెండేళ్లు. విడుదలైనవారి పేర్లు, చిరునామాలు, అందిన సాయం రాసే రిజిస్టర్లు ఆ కమిటీ దగ్గరే ఉండాలి. మీ జిల్లా విలేకరుల చేత సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు వేయించండి: కమిటీలో ఎవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, ఆ రిజిస్టర్‌లో ఆఖరి పేరు ఏ తేదీన ఎక్కింది? 30 రోజుల్లో జవాబివ్వాలి. బట్టీల్లో లెక్కలు చూసి కూలీలను పంపేసేది వానలకు ముందే కాబట్టి, ఏప్రిల్‌లోపు అడిగితేనే ఆ జవాబులు ఈ సీజన్‌లో ఎవరికైనా పనికొస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జడ్చర్ల