షైలాక్ అనే మాట వెనుక

సంపాదకులకు,

వడ్డీ వేధింపుల వార్తల్లో ‘షైలాక్’ అన్న మాట కనబడినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. షేక్‌స్పియర్ నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని యూదు వడ్డీ వ్యాపారి పేరది. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఆ నాటకం పాఠం చెప్పినదాన్ని. మొదట్లో నేనూ షైలాక్‌ను ఉత్త దుర్మార్గుడిగానే చెప్పాను. ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1290లోనే యూదులను దేశం నుంచి వెళ్లగొట్టాడు. షేక్‌స్పియర్ కాలానికి లండన్‌లో కొద్దిమందే, అదీ మతం దాచుకుని బతికేవారు. నాటకం చూసిన జనంలో చాలామందికి యూదుడంటే పుకార్లలోని మనిషే. 1594లో ఎలిజబెత్ రాణి వైద్యుడు, యూదు మూలాలున్న రోడ్రిగో లోపెజ్‌కు, రాణికి విషం పెట్టబోయాడంటూ మరణశిక్ష వేశారు. ఆ ఏడాదే, యూదుణ్ని దుర్మార్గుడిగా చూపే మార్లో నాటకం ‘జ్యూ ఆఫ్ మాల్టా’ను పదేపదే ఆడించారు.

మరి వడ్డీ వ్యాపారం యూదులదేనా? షేక్‌స్పియర్ తండ్రి జాన్ మీదే 1570లో అధిక వడ్డీ ఆరోపణలు వచ్చాయి!

కేసు ఓడిన షైలాక్‌ను క్రైస్తవుడిగా మారమని ఆదేశించే కోర్టు సీను చెబుతుంటే ఒకమ్మాయి లేచి, “కేసు ఓడితే మతమెందుకు మారాలి మేడమ్?” అని అడిగింది. ఆ రోజు క్లాసు అక్కడే ఆగిపోయింది.

దయచేసి వడ్డీ వ్యాపారిని వడ్డీ వ్యాపారి అనే రాయండి.

– ఒక విశ్రాంత ఇంగ్లిష్ అధ్యాపకురాలు, తెనాలి