నీ ఓటమి వార్త, పర్లాకిమిడి నుంచి

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పొగబండీ,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది, జవాబు లేదని నువ్వు నన్ను ఏ పేర్లతో తలుచుకుంటున్నావో నాకు తెలుసు. క్షమాపణ పూర్తి పాఠం నువ్వే ఊహించుకో, రాసేంత తీరిక లేదు. సాయంత్రం బావ గుణుపురం నుంచి వచ్చే విశాఖ బండికి బయలుదేరుతున్నాడు, ఈ కవరు ఆయన చేతికే ఇవ్వాలి. అమ్మ మోకాలు కొంచెం నయం. రథయాత్ర బాగా జరిగింది, వాన మాత్రం వదలలేదు, మహేంద్రతనయ నిండుగా పారుతోంది. ఉద్యోగం సంగతి అడగకు. ఇక అసలు విషయం.

పిల్లకు ఏ ఎలక్ట్రానిక్ బోర్డు కొనాలన్న మన పందెంలో నువ్వు ఓడిపోయావు. బెండకాయ ఒప్పందం ప్రకారం నాకు రావలసినది వస్తువు రూపంలో పంపు, డబ్బు పుచ్చుకోను.

మన ప్రశ్నపత్రం, అదే మా అక్క కూతురు, తొమ్మిదో తరగతికి వచ్చింది. (నువ్వు పెట్టిన ఆ పేరు స్థిరపడిపోయింది, ఇప్పుడు కన్నతల్లే అలా పిలుస్తోంది.) మొన్నామధ్య అక్క మోటారు వేసి మరిచిపోయింది. ట్యాంకు పొంగి, నీళ్ళు వెళ్ళి వెళ్ళి పక్కింటావిడ ఆరబెట్టిన వడియాల మీద పడ్డాయి. ఆవిడ ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చి రెండు భాషల్లోనూ మమ్మల్ని కడిగేసింది. ఆ రాత్రే ప్రశ్నపత్రం ప్రకటించింది: ట్యాంకు నిండగానే అరిచే యంత్రం తానే చేస్తుందట. దానికి మైక్రోకంట్రోలర్ బోర్డు కావాలట, అంటే తీగలు కలిపి దీపాలు, సెన్సర్లు నడిపించే బుల్లి కంప్యూటర్. ఏది కొనాలి?

అంతే, పెళ్ళి సంబంధం వచ్చిన ఇల్లయిపోయింది మాది. బెంగళూరులో ఉన్న బావ తమ్ముడు ఫోను చేసి, పికో అనే బోర్డు తప్ప ఇంకొకటి తాకవద్దన్నాడు. 2021లో వచ్చిందట, 4 డాలర్ల బోర్డట, పైథాన్ భాషలో ప్రోగ్రాము రాయవచ్చట. బడిలో సైన్సు మాస్టారు మైక్రోబిట్ అన్నారు. 2016లో బ్రిటన్‌లో బీబీసీ వాళ్ళు బడిపిల్లలకు ఉచితంగా పంచిన బోర్డు అది. బోర్డు మీదే 25 చిన్న దీపాలు, రెండు బొత్తాలు, ఒక్క తీగ కూడా కలపకుండా ఆడుకోవచ్చు. ఇక నువ్వు! అర్ధరాత్రి గంటసేపు ఈఎస్‌పీ32 అనే బోర్డు భజన. 240 మెగాహెర్ట్జ్ వేగం, 520 కిలోబైట్ల మెమరీ, వైఫై, బ్లూటూత్, అన్నీ కలిపి నేను చెప్పే ఆర్డుయినో ఊనో బోర్డు కంటే చవక. “16 మెగాహెర్ట్జ్ పాత చింతకాయ పచ్చడి పిల్లకు ఎవడు కొనిపెడతాడురా” అన్నావు. ఆ మాట రాసి పెట్టుకున్నాను.

నేను ఊనో అన్నాను. నా మాట ఎవరు విన్నారు? ప్రశ్నపత్రం మాత్రం అందరి మాటా విని, అందరినీ ఒకే ప్రశ్న అడిగింది: “తీగ తప్పుగా పెడితే ఏమవుతుంది?”

బెంగళూరు ఆయన, “జాగ్రత్తగా పెట్టాలి” అన్నాడు. నువ్వేమన్నావో గుర్తుందా? “ఇంకొకటి కొనుక్కోవాలి.” అదీ నీ చరిత్రకు తగిన జవాబే. కాలేజీలో మన మూడో బల్ల దగ్గర కెపాసిటర్‌ను తిరగేసి పెట్టిన వాడివి.

నేను ప్రశ్నపత్రాన్ని రేడియో తాత దగ్గరికి తీసుకెళ్ళాను. నీకు గుర్తుండే ఉంటాడు, మార్కెట్టు వెనక సందులో కొట్టు, నీ టేప్‌రికార్డరు బాగుచేసి, డబ్బులకు బదులు నీ పాట వినిపించమని నిన్ను భయపెట్టాడే, ఆయన. ఇప్పుడు చూపు తగ్గింది, చెవులు మాత్రం పాముచెవులే. శనివారం భజనలో హార్మోనియం ఇప్పటికీ ఆయనదే. కంప్యూటర్ జోలికి ఎన్నడూ పోలేదు. ఫోనులో బొమ్మలు చూపిస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. ఊనో బొమ్మ దగ్గర ఆగాడు. “ఇది సాకెట్‌లో కూర్చున్న ఐసీ చిప్ కదమ్మా! 28 కాళ్ళు. కాలిపోతే ఊడబీకి ఇంకొకటి గుచ్చవచ్చు. మిగతావాటిలో అతికించేశారు, కాలిపోతే మొత్తం పోతుంది.”

ప్రశ్నపత్రానికి కావలసిన జవాబు దొరికింది. సంబంధం ఖాయం.

కొనేటప్పుడు ఒక సంగతి చూశాను, నీకూ ఎప్పుడైనా పనికొస్తుంది. ఊనో అని అమ్మేవన్నీ సాకెట్ ఉన్నవి కావు. చాలా నకళ్ళలో ఆ ఏటీమెగా328పీ చిప్‌ను చిన్నదిగా అతికించేసి ఉంటారు. 2023లో వచ్చిన కొత్త ఊనో ఆర్4 చిప్పే వేరు, దానికీ సాకెట్ లేదు. పాత ఆర్3 పద్ధతిలో పొడుగాటి నల్ల చిప్ ఉన్నదే అడిగి తెప్పించాను. నకలే, కానీ దొంగ సరుకు కాదు. డిజైన్ అందరికీ బహిరంగంగా ఇచ్చేసినదే కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. బూట్‌లోడర్ (మన ప్రోగ్రాములను లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రాము) ఎక్కించిన విడి చిప్ కూడా ఒకటి తెప్పించి డబ్బాలో దాచాను, నీలాంటి చుట్టాలు వచ్చినప్పటి కోసం.

బోర్డు వచ్చాక మొదటి పూట అంతా కేబులుతోనే గొడవ. కంప్యూటర్‌కు తగిలిస్తే బోర్డు మీద దీపం వెలుగుతోంది, కంప్యూటర్‌లో దాని పోర్టు పేరు మాత్రం కనిపించదు. మా ఇంట్లో ఉన్న కేబులు చార్జింగుకే తప్ప డేటాకు పనికిరానిది, లోపల ఆ తీగలే లేవు. వేరే కేబులు పెట్టగానే పని జరిగింది. ఈ కేబులు కథ లేకుండా ఈ విద్య మొదలుపెట్టినవాడు ఉంటాడా అసలు? సరే, వదిలేయి.

అసలు కథ తాత కొట్టులో. ఇది చెప్పడానికే కదా ఈ ఉత్తరం.

బోర్డును, బావ ల్యాప్‌టాప్‌ను మోసుకుని కొట్టుకు వెళ్ళాం. తాత ముందు అడిగింది ఇదీ: “ఒక కాలు ఎంత కరెంటు ఇస్తుంది?” 20 మిల్లీఆంపియర్లు, మహా అయితే 40 దాటకూడదని చెప్పాను. “అయితే ఎర్ర ఎల్‌ఈడీ రెండు వోల్టులు తింటుంది, ఐదులో మిగిలింది మూడు, 220 ఓములు పెడితే 13, 14. సరిపోతుంది” అని సొరుగులోంచి రెసిస్టర్ తీసి ఇచ్చాడు. రంగు పట్టీలు కనిపించక ఏది ఎంతో ప్రశ్నపత్రాన్నే చదివి చెప్పమన్నాడు. ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంది. తాత పెద్దగా పట్టించుకోలేదు. అలాంటివి రెండు ట్రాన్సిస్టర్లతో ఆయన ఎన్నో చేశాడట.

తరువాత ప్రశ్నపత్రం కాంతిని తగ్గించి చూపిస్తానంది. తొమ్మిదో నంబరు కాలికి అనలాగ్‌రైట్ 127 అని, అంటే 255లో దాదాపు సగమని, ప్రోగ్రాము రాసింది. దీపం మసకబారింది. తాత ముల్లు తిరిగే పాత మీటరు పెట్టాడు. ముల్లు రెండున్నర వోల్టుల దగ్గర నిలిచింది. 64 రాస్తే ఒకటింపావుకు దిగింది. ఆయన ముఖం మారింది.

“ఈ బోర్డు మీద రెండున్నర వోల్టులు తయారుచేసే సరంజామా ఏదీ?” బోర్డు తిప్పి తిప్పి చూశాడు. ఐదు వోల్టులది ఒకటి ఉంది, 3.3ది ఒకటి ఉంది. రెండున్నరది లేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పాత ట్రాన్సిస్టర్ రేడియోలోంచి చిన్న స్పీకరు లాగి, దానికి వరుసగా ఒక కెపాసిటరు, ఒక 220 రెసిస్టరు కలిపి ఆ కాలికి ముట్టించాడు.

స్పీకరు పాడింది రా! నిలకడగా, సన్నగా ఒకే స్వరం.

“నాకు తెలుసు! ఇది రెండున్నర కాదు, కొట్టుకుంటోంది. సగం సేపు ఐదు, సగం సేపు సున్నా. మీటరు ముల్లుకు అంత వేగం లేక మధ్యలో నిలబడింది.” అని నవ్వాడు. ఆ నవ్వు చూడాలి నువ్వు. నాలుగేళ్ళ కాలేజీలో మనకు బల్లగుద్ది చెప్పిన పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంతా ఆయన ఒక స్పీకరుతో విని తేల్చేశాడు.

అయిపోలేదు. ప్రశ్నపత్రం ఊరుకుంటుందా, తీగను తొమ్మిది నుంచి ఐదో కాలికి మార్చి అదే ప్రోగ్రాము రాసింది. స్వరం పైకి లేచింది. తాత చప్పున, “ఇందాకటిది షడ్జమైతే ఇది పై షడ్జం. సరిగ్గా ఒక స్థాయి పైన ఉంది. ఈ కాలు ఎందుకు వేరు?” అన్నాడు. నిజం చెప్పనా, ఇన్నేళ్ళలో నేను ఆ ప్రశ్న వేసుకోలేదు, నువ్వూ వేసుకోలేదు. అక్కడే కూర్చుని వెతికాను. తొమ్మిదో కాలు 490 హెర్ట్జ్, ఐదు, ఆరు కాళ్ళు 980 దగ్గర. ఆ రెండు కాళ్ళూ బోర్డు కాలం లెక్కపెట్టుకునే టైమరు మీదే నడుస్తాయి. ఆ టైమరు 0 నుంచి 255 వరకు ఎక్కి, ఒక్కసారిగా సున్నాకు దూకుతుంది. తొమ్మిదో కాలి టైమరు ఎక్కి మళ్ళీ మెట్టుమెట్టుగా దిగుతుంది, అందుకే సగం వేగం. తాత అంతా విని, “మరి ఈ సంగతి బోర్డు మీద రాయరేం?” అన్నాడు.

ఇప్పుడు నువ్వు అంటావు, ఇవన్నీ ఈఎస్‌పీ32లోనూ చేయవచ్చు కదా అని. చేయవచ్చు. కాని తాత సొరుగులో ఉన్నవన్నీ ఐదు వోల్టుల కాలానివి. చెవికి వినబడని శబ్దం పంపి ట్యాంకులో నీటిని కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు కూడా ఐదు వోల్టులదే, దాని జవాబు ఐదు వోల్టుల్లో వస్తుంది, నీ బోర్డు 3.3కు మించి తట్టుకోదు. “రెండు రెసిస్టర్లు పెడితే తీరిపోతుంది” అంటావు. తీరుతుంది. మొదటి పూటే ఆ పిల్లకు ఆ పాఠం ఎందుకు? నీ బోర్డులో 34 నుంచి 39 వరకు కాళ్ళు వింటాయే తప్ప మాట్లాడవు, 6 నుంచి 11 వరకు తాకకూడదు, 12కు ముందే వోల్టేజి తగిలించి పెడితే బోర్డు లేవనే లేవదు. పైగా ఆ వెడల్పు బోర్డు బ్రెడ్‌బోర్డు (తీగలు గుచ్చే రంధ్రాల పలక) మీద కూర్చుంటే పక్కన తీగ గుచ్చడానికి చోటే ఉండదు. పికోకు కాళ్ళ పేర్లు అడుగున అచ్చు వేశారు, గుచ్చాక ఎవరు చదవాలి? మైక్రోబిట్ మంచిదే, ఆ మాస్టారి మాట కొట్టిపారేయను. చిన్న తరగతి పిల్లలైతే అదే కొనేవాణ్ణి. మన ప్రశ్నపత్రానికి మాత్రం తీగలు గుచ్చాలనే ఉబలాటం.

ఊనోకూ లోటు ఉంది, అన్యాయంగా మాట్లాడను. మెమరీ 2 కిలోబైట్లే. మన లిపిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, ఈ ఉత్తరంలో రెండు పేరాలు పెడితే దానికి ఊపిరాడదు. ఊరికి దూరంగా ఉన్నప్పుడు ఫోనుకు కబురు పంపమంటే దానివల్ల కాదు. ట్యాంకు నిండిందని అక్క ఫోనుకు మెసేజి రావాలని ఇప్పటికే కోరిక పుట్టింది. అప్పుడు నీ ఈఎస్‌పీ32కు పీట వేస్తాం.

ట్యాంకు సంగతి ఇంకా తేలలేదు. బకెట్టు మీద పెడితే సెన్సరు చక్కగా కొలిచింది, శబ్దం వెళ్ళి తిరిగి రావడానికి సెంటీమీటరుకు 58 మైక్రోసెకన్ల లెక్కన. కాని మూత వేసిన ట్యాంకులో ఆవిరికి ఆ సెన్సరు రెండు జల్లెడ కళ్ళూ ఎన్నాళ్ళుంటాయి? తడి తగలని రకం ఉంది, అయితే అది 20 సెంటీమీటర్ల లోపల సరిగా చదవదు, కాబట్టి మూత మీద గొట్టం పెట్టి ఎత్తులో బిగించాలి. తాత ఏమంటాడంటే అసలు సెన్సరే వద్దు, రెండు స్టీలు కడ్డీలు

బావ చెప్పులు వేసుకుంటున్నాడు. రిలే (బోర్డు చెబితే పనిచేసే స్విచ్) పెట్టి మోటారు ఆపే మాట ఇప్పుడే వద్దన్నాడు తాత, ముందు అరిస్తే చాలట. మిగతాది తరువాత. ఒప్పందం ప్రకారం నీ పాత ఈఎస్‌పీ32 బావ తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతికి ఇవ్వు, కేబులుతో సహా, డేటా కేబులు! వదినను

ఉంటాను, పిలుస్తున్నాడు.

నీ మూడో బల్ల