చెమట కరెంటును ఫోన్‌కి కాదు, షుగర్ సెన్సర్‌కి అడగండి

సంపాదకులకు నమస్కారం.

'ఒంటి చెమటతో కరెంటు, ఇక ఫోన్‌కి ఛార్జర్ అక్కర్లేదు' అనే తరహా వార్తలు అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. చదివినవాళ్లు ఆశ్చర్యపోతారు, మర్నాటికి మరిచిపోతారు. ఆ పరిశోధన నిజమైనది, చాలా విలువైనది. దాన్ని ఫోన్‌తో ముడిపెట్టడం వల్లే అన్యాయం జరుగుతోందని నా బాధ. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేదాన్ని కాబట్టి లెక్క వేసే చెబుతాను.

2021లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాంగ్ బృందం వేలికొనకు చుట్టుకునే ఒక పట్టీ తయారుచేసింది. వేలికొనల్లో చెమట గ్రంథులు దట్టంగా ఉంటాయి, నిద్రలో కూడా అక్కడ చెమ్మ ఊరుతూనే ఉంటుంది. ఆ చెమటలో లాక్టేట్ అనే పదార్థం ఉంటుంది. పట్టీలో ఒక కొసన ఉన్న ఎంజైమ్, అంటే రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం, దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది. రెండో కొసన ఆక్సిజన్ వాటిని అందుకుని నీరుగా మారుతుంది. ఈ రెండు కొసల మధ్య తీగలో పారేదే కరెంటు. పది గంటల నిద్రలో ఒక్క వేలి నుంచి 400 మిల్లీజౌళ్ల దాకా, అంటే అర జౌలు కంటే తక్కువే, శక్తి వచ్చింది. చేతి గడియారం ఒక రోజు నడవడానికి అది సరిపోతుంది.

ఇప్పుడు ఫోన్ సంగతి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే 65 వేల జౌళ్లకు పైగా కావాలి. పది వేళ్లకూ పట్టీలు చుట్టుకుని రోజూ పడుకున్నా దాదాపు 45 ఏళ్లు పడుతుంది. దయచేసి ఇక ఫోన్ మాట ఎత్తకండి.

ఈ కొద్దిపాటి కరెంటు సరిగ్గా సరిపోయే పని ఒకటుంది. మా అమ్మకు షుగర్. డాక్టరు చెప్పిన మీదట జబ్బ మీద అంటించుకునే సెన్సర్ వాడుతోంది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ బిళ్ల, దాని అడుగున చర్మం లోపలికి దిగే వెంట్రుకలాంటి తీగ. ఆ తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూసి ఉంటుంది. చెమట పట్టీలో లాక్టేట్ నుంచి లాగినట్టే ఇక్కడ చక్కెర నుంచి ఎలక్ట్రాన్లను లాగి, కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెర ఎంతుందో కనిపెట్టేది అదే. 14 రోజులయ్యాక మొత్తం బిళ్లను పారేయాల్సిందే. గడువు తీరిన సెన్సర్ ఒకదాన్ని మా కాలేజీ ల్యాబ్‌లో విప్పి చూశాం. సర్క్యూటు పక్కనే కొత్తదానిలా మెరుస్తూ ఒక గుండీ బ్యాటరీ ఉంది. ఆపకుండా వాడే మనిషి ఏడాదికి ఇలాంటివి 26 పారేస్తారు. వాడినవి తీసుకుంటారా అని మందుల షాపులో అడిగితే "అమ్మడం వరకే మేడమ్" అన్నారు.

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైమాటేనని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పింది. ధర ఎక్కువ కాబట్టి ఇప్పుడు ఈ సెన్సర్లు కొందరికే అందుతున్నాయి. ధర తగ్గాలి, అందరికీ అందాలి. అప్పుడు బ్యాటరీల గుట్ట ఎంత ఎత్తున పెరుగుతుందో ఇప్పుడే ఆలోచించాలి కదా! కొలిచే ఎంజైమే కరెంటు కూడా ఇవ్వగలిగినప్పుడు దాని పక్కన విడిగా ఒక బ్యాటరీ ఎన్నాళ్లు ఉండాలి?

ఇది రేపే జరిగిపోతుందని నేననడం లేదు. ఆ తీగ మీద పుట్టే కరెంటు కొలతకు సరిపోతుంది గానీ రీడింగును ఫోన్‌కి పంపడానికి ఏమాత్రం చాలదు. ఎంజైమ్ పూసిన ఆ తీగ, అంటే ఎలక్ట్రోడు, పెద్దది కావాలి, వచ్చిన శక్తిని కరెంటును కాసేపు దాచిపెట్టే కెపాసిటర్‌లో కూడబెట్టి కొన్ని నిమిషాలకోసారి వాడుకోవాలి. అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (కాల్టెక్)లో వేయ్ గావ్ బృందం 2020లో బ్యాటరీ లేకుండా, చెమటతోనే నడిచి బ్లూటూత్‌లో రీడింగులు పంపే పట్టీ చేసి చూపించింది. అందులోని ఎంజైమ్ సెల్ చదరపు సెంటీమీటరుకు 3.5 మిల్లీవాట్లు ఇచ్చింది, 60 గంటల పాటు నిలకడగా పనిచేసింది. సెన్సర్‌కి కావాల్సింది 14 రోజులు, అంటే 336 గంటలు. మిగతా 276 గంటలు ఎలా సాధించాలన్నదే అసలు ప్రశ్న.

ఎంజైములు ప్రోటీన్లు. వేడి తగిలితే నీరసిస్తాయి. మే నెలలో 45 డిగ్రీలు తాకే రామగుండంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం వాటి పరిస్థితి ఏమిటో కాలిఫోర్నియా ల్యాబులో కూర్చుంటే తెలియదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చునే పెద్దావిడకు పట్టే చెమట వేరు, ఓపెన్‌కాస్ట్ గనిలో, ఇటుక బట్టీ దగ్గర పనిచేసే మనిషికి పట్టే చెమట వేరు. మొదటివాళ్లకు చర్మం కింది ద్రవంతో నడిచే సెన్సర్ కావాలి. రెండోవాళ్లకు వడదెబ్బ ముప్పును ముందే చెప్పే చెమట పట్టీ చేయగలిగితే ప్రాణాలు దక్కుతాయి. ఈ రెండింటినీ పరీక్షించాల్సింది మన ఎండల్లో, మన మనుషుల మీద, వాళ్ల ఇష్టంతో, డాక్టర్ల పర్యవేక్షణలో.

అందుకు కావాల్సినవాళ్లు మన దగ్గర లేకపోలేదు. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో ప్రొఫెసర్ సంకేత్ గోయెల్ బృందం కాగితం మీద చేసే ఎంజైమ్ బయోఫ్యూయల్ సెల్స్‌తో (ఎంజైములతో కరెంటు పుట్టించే సెల్స్‌తో) సహా ఈ రంగంలో ఏళ్లుగా పనిచేస్తోంది. వైద్య పరికరాల కోసమే విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు ఉన్నాయి. ల్యాబులో పుట్టినదాన్ని వరసగా రెండు వేసవులు జనం ఒంటి మీద పరీక్షించడానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ కలిసి డబ్బు పెట్టాలని నా విన్నపం. పేపర్లు అచ్చయ్యే దశ దాటాక ఆగిపోయే పనులకు ప్రభుత్వ సొమ్ము అవసరం, ఎందుకంటే పారేసే సెన్సర్లు అమ్ముకునే కంపెనీకి ఆ తొందర ఉండదు.

అప్పటిదాకా చేయదగిన పని ఇంకొకటుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదీ దిగుమతిదారులదీ. సెన్సర్ అమ్మే ప్రతి మందుల షాపులోనూ పాతవి వేసే డబ్బా ఒకటి పెట్టించమని కాలుష్య నియంత్రణ మండలి ఆ కంపెనీలకు చెప్పాలి. చర్మంలో దిగిన తీగ కూడా దానికే ఉంటుంది కాబట్టి ఆ డబ్బా మూత గట్టిగా ఉండాలి. చెత్త వేరుచేసే మున్సిపల్ కార్మికుల చేతులకు అది గుచ్చుకోకూడదు.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకురాలు,
కరీంనగర్