ఆ తలుపుది ఏ రంగు?

ఒంగోలు,
ఆదివారం

బుజ్జీ,

నువ్వు జర్మనీ నుంచి పంపిన బొమ్మ రైలింజను బాగానే తిరుగుతోంది. ఇప్పుడు రాస్తున్నది దాని గురించి కాదు. నిన్నొక సంగతి అడగాలి. ఫోన్లో అడిగితే మీ అమ్మ పక్కనుంచి జవాబు అందిస్తుంది. అందుకని కాగితం పట్టాను.

పెరట్లో స్టేషన్ కడుతున్నానని తెలుసుగా. దొనకొండ అవతల మనం క్వార్టర్స్‌లో ఉన్నప్పటి ఆ చిన్న స్టేషనే. నువ్వు పంపిన పట్టాల మధ్య వెడల్పు 45 మిల్లీమీటర్లు. ఈ బొమ్మ బండి అసలుదానికి 22.5వ వంతు కదా, ఆ వెడల్పుని 22.5తో హెచ్చవేసి చూడు, మీటరు పైన ఒక్క వేలెడు తేడా కూడా రాదు. అంటే మన మీటర్ గేజే! గుంటూరు-గుంతకల్లు లైను బ్రాడ్ గేజ్ కాకముందు నేను జెండా ఊపిన లైను. ఆ లెక్క కుదిరాక చేతులు ఊరుకోలేదు.

మొదటి స్టేషన్ గతి నీకు చెప్పలేదు. ప్లైవుడ్ గోడలు, తెల్ల జిగురు. దసరాకి ముచ్చటగా నిలబెట్టాను. ముసురు మూడు రోజులు పట్టేసరికి గోడలు పూరీల్లా పొంగాయి, కప్పు ఊడి జామచెట్టు కిందికి తేలిపోయింది. మీ అమ్మ నవ్విందని అనను గానీ, పక్కింటావిడను పిలిచి మరీ చూపించింది.

ఇప్పుడు గోడలన్నీ మార్కాపురం పలకరాయి. తయారీలో విరిగి పారేసిన ముక్కలు గోతాం నిండా తెచ్చుకున్నా. చిన్నప్పుడు నువ్వు నెలకొకటి పగలగొట్టుకొచ్చిన రాయే. హాక్సా బ్లేడుతో లోతుగా గీత పెట్టి, బల్ల అంచున ఆనించి నొక్కితే టక్కున విరుగుతుంది. దాని మీద కాంపాస్ ముల్లుతో ఇటుకలు గీస్తున్నా. ఒక్కో ఇటుక 10 మిల్లీమీటర్ల పొడవు, ఎత్తు మూడున్నర కూడా ఉండదు. గీతల్లోకి సిమెంటు పాలు పట్టించి, పైపైన తడిగుడ్డతో తుడిస్తే సందుల్లో మాత్రం తెల్లగా నిలుస్తుంది. ప్లాట్‌ఫారం వైపు గోడకే నాలుగు సాయంత్రాలు పట్టింది. కళ్లజోడు నంబరు మారినట్టుంది.

కిటికీలకు అద్దం బదులు గూడూరు అభ్రకం. గోటితో లేపితే పొరలు పొరలుగా వస్తుంది, లేత ఆకుపచ్చ జీర ఉంటుంది. ప్లాస్టిక్ అయితే మన ఎండకి రెండేళ్లలో పసుపురంగుకి తిరిగిపోతుంది.

కంకర దగ్గర మాత్రం తప్పులో కాలేశా. అసలు లైను మీద 50 మిల్లీమీటర్ల రాయి అయితే, మనకి రెండు మిల్లీమీటర్లది కావాలి. చీమకుర్తి నుంచి గ్రానైట్ పొట్టు తెప్పించి టీ వడకట్టేదాంతో జల్లించా. అది గెలాక్సీ రాయి. పొద్దున ఎండ పడితే లైనంతా బంగారు చుక్కలు! ఏ రైల్వేలోనూ ఇంత షోకు కంకర ఉండదు. తీసేయాలి, మనసొప్పడం లేదు.

స్టేషన్ వెనక అడవికి సర్కారు తుమ్మ మొలకలు పెట్టా. ఆకు చిన్నది కాబట్టి మొలకే మానులా కనిపిస్తుంది. పొదలకు మరువం. మీ అమ్మ పూలు కట్టేటప్పుడల్లా నా అడవి కొంత తరిగిపోతుంది. బండిని స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ కూడా పెట్టాను గానీ, రెక్కని పైకి నిలిపే ఎదురు బరువు, అదే కౌంటర్ వెయిట్, పెట్టలేదు. కాకి వాలగానే రెక్క కిందికి వాలి బండికి దారి ఇచ్చేస్తోంది. సర్వీసులో అలా జరిగుంటే నా ఉద్యోగం పోయేది.

ఇక అసలు సంగతి. ప్లాను లేదు, ఉన్నది ఒక్కటే ఫోటో: ఐదేళ్ల నువ్వు స్టేషన్ తలుపుకి ఆనుకుని నిలబడింది. భూతద్దం పెట్టి తలుపు పక్కన ఇటుక వరసలు లెక్కపెట్టా. 28. వరసకి మూడంగుళాలు, మొత్తం ఏడడుగులు. మన కొలతలో 95 మిల్లీమీటర్లు. నీ తల పద్నాలుగో వరస దగ్గరుంది, అంటే నువ్వు 47 మిల్లీమీటర్లు. నిన్ను కూడా చెక్కాను, జడలు ఇంకా రాలేదు.

ఫోటో బ్లాక్ అండ్ వైట్. తలుపు ఆకుపచ్చ అని నేను, నీలం అని మీ అమ్మ. ఇన్‌స్పెక్షన్‌కి ముందు రోజు రంగు వేస్తే, ఆరకముందే నువ్వు వెళ్లి ఆనుకున్నావు, గుర్తుందా? ఆ గౌనుని కిరసనాయిలు పెట్టి రుద్దిన చేతులు నావి, నాకు తెలియదా అంటుంది మీ అమ్మ. పెయింటు డబ్బాలు లెక్క చూసి సంతకం పెట్టిన చెయ్యి నాది. దెబ్బలు తిన్నదానివి నువ్వు, నీకైనా గుర్తుండాలి.

జవాబు నా పేరున రాయి. అందాకా తలుపు ప్రైమర్‌తోనే ఉంటుంది.

మీ నాన్న