అయస్కాంతం పట్టినంత మాత్రాన నకిలీ స్టీలు కాదు

సంపాదకులకు,

స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకుంటే అది నకిలీదన్న నమ్మకం ఇంకా పోలేదు. అందరూ ఎక్కువగా వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మెత్తబరచిన రేకుకు అయస్కాంతం దాదాపు పట్టదు. అదే రేకును వేడి చేయకుండా వంచినా, లోతుగా నొక్కినా ఆ చోట కొంత లోహం అయస్కాంతం పట్టే మార్టెన్‌సైట్ అనే నిర్మాణంలోకి మారి కాస్త పట్టుకుంటుంది. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 శ్రేణికీ అయస్కాంతం అంటదు. కాబట్టి ఆ పరీక్షను నమ్మకుండా లోహంలో ఏమేం ఎంతెంత ఉన్నాయో తయారీదారు రాసిచ్చే మిల్లు ధ్రువపత్రం అడగడమే మేలు.

అసలు చిక్కు వెల్డింగ్ దగ్గరే. పాల ట్యాంకులైనా రసాయనాల పైపులైనా తుప్పు ముందుగా అతుకు పక్కనే మొదలవుతుంది. లోహం 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే కార్బన్ క్రోమియాన్ని లాక్కుని రేణువుల అంచుల్లో కార్బైడ్‌గా పేరుకుంటుంది. దాంతో ఆ అంచుల వెంట, క్రోమియం వల్ల ఏర్పడి తుప్పును ఆపే రక్షణ పొర బలహీనపడుతుంది. అందుకే మందమైన ప్లేట్లకు కార్బన్ 0.03 శాతం మించని 304ఎల్, దానికి అతుకులో కరిగించి నింపే లోహంగా 308ఎల్ ఫిల్లర్ వాడాలి. వెల్డింగ్ తర్వాత మిగిలే నీలి మరకలను అలాగే వదిలేయడం పెద్ద తప్పు. ఆమ్లాలు కలిసిన పిక్లింగ్ పేస్టుతో తీసేయాలి. మామూలు ఇనుప బ్రష్షుతో రుద్దితే అంటుకున్న ఇనుప రజను తుప్పు పడుతుంది.

ఉప్పునీటికి 304 చాలదు, గుంటలు పడతాయి. అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 ఎంచుకోవాలి. వేడి 60 డిగ్రీలు దాటి, లోహంలో లాగుడు ఒత్తిడి కూడా ఉంటే క్లోరైడ్ల వల్ల 316కూ పగుళ్లు రావచ్చు.

ఇట్లు,
ఒక వెల్డింగ్ ఇంజనీరు